ఉద్యోగ ప్రవేశంలో దేహపరీక్ష: ఒక ధర్మమీమాంస

ఉద్యోగంలో చేర్చుకునే ముందు అభ్యర్థికి వైద్య పరీక్ష జరపడం గనుల్లో, రైల్వేల్లో, పోలీసు శాఖలో, రసాయన కర్మాగారాల్లో, రోడ్డు రవాణా సంస్థల్లో నేడు స్థిరపడిన ఆచారం. చూపు, వినికిడి, రక్తపోటు చూసి, రక్తమూత్రాలు పరీక్షించి, ఛాతీ ఎక్స్‌రే తీసిన తరువాత వైద్యుడు కాగితం మీద ‘ఫిట్’ అనో ‘అన్‌ఫిట్’ అనో రాస్తాడు. ఆ ఒక్క మాట మీద ఒక కుటుంబపు బతుకుదెరువు ఆధారపడి ఉంటుంది. పరిపాలన దృష్టిలో ఇది నియామకంలో ఒక అంచె మాత్రమే అయినా, ధర్మచింతన దృష్టిలో ఇందులో ఒక బరువైన ప్రశ్న ఇమిడి ఉంది. ఒక మనిషి మరొక మనిషి దేహాన్ని పరిశీలించి, అందులోని లోపాన్ని లెక్కగట్టి, అతనికి అన్నం దొరికే దారిని తెరిచే లేదా మూసే అధికారం ఎక్కడి నుంచి వస్తుంది? ఆ అధికారాన్ని వాడుకున్నవాడు అందుకు ప్రతిగా ఏ బాధ్యతకు కట్టుబడతాడు? ఈ రెండు ప్రశ్నలలో మొదటిదాని మీద చట్టం చాలాకాలంగా ఆలోచిస్తూ వచ్చింది; రెండవది ఎక్కువగా మరుగున పడిపోయింది. ఆ రెండింటినీ విడదీయడం అధర్మమని చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం.

భారతీయ సంప్రదాయంలో ఈ విషయాన్ని పరిశీలించడానికి బౌద్ధుల వినయపిటకం, అంటే భిక్షుసంఘ నియమాల సంకలనం, మంచి ఆధారం. అందులోని మహావగ్గ అనే భాగంలో, సంఘ ప్రవేశాన్ని గురించి చెప్పే మొదటి అధ్యాయంలో, ఒక ఉదంతం ఉంది. మగధ దేశంలో కుష్ఠు, గడ్డలు, ఒక విధమైన చర్మవ్యాధి, క్షయ, మూర్ఛ అనే ఐదు రోగాలు విపరీతంగా ప్రబలిన రోజులవి. బింబిసార మహారాజుకు, ఆయన అంతఃపురానికి, బుద్ధుని సంఘానికి వైద్యం చేసే జీవకుణ్ణి రోగులు ఆశ్రయించగా, తనకు తీరిక లేదని ఆయన నిరాకరించాడు. సంఘంలో చేరితే భిక్షువులు సేవ చేస్తారు, జీవకుడు మందిస్తాడు అన్న ఆలోచనతో కొందరు ప్రవ్రజ్య, అంటే సన్యాస దీక్ష, పుచ్చుకోవడం మొదలుపెట్టారు. రోగులు పెరిగిపోయి, వారికి ఆహారం కోసం, మందు కోసం భిక్షువులు ఊరూరా అడుక్కోవలసి వచ్చింది. జీవకుడు రాజకార్యాన్ని కూడా సరిగా చూడలేకపోయాడు. అలా చేరినవారిలో ఒకడు జబ్బు నయం కాగానే కాషాయం విడిచి వెళ్లిపోయాడు. జీవకుడు అతన్ని గుర్తుపట్టి సంగతి తెలుసుకుని బుద్ధునికి విన్నవించగా, ఆ ఐదు రోగాలు ఉన్నవారికి ప్రవ్రజ్య ఇవ్వరాదన్న నియమం ఏర్పడింది. ఉపసంపద, అంటే పూర్తి భిక్షుత్వం, ఇచ్చే ముందు అభ్యర్థిని అడిగే ప్రశ్నల్లో ఈ ఐదు రోగాల పేర్లు ఈనాటికీ వినబడతాయి. వాటి వెంటనే అతడు స్వతంత్రుడా, అప్పులు లేనివాడా, రాజసేవకుడు కాడా, తల్లిదండ్రుల అనుమతి ఉందా, ఇరవై ఏళ్లు నిండాయా అన్న ప్రశ్నలు కూడా వస్తాయి.

ఒక సంస్థలో ప్రవేశానికి ముందు దేహస్థితిని విచారించే పద్ధతి ఇది. ఈ నియమాన్ని మాత్రమే విడిగా తీసుకుంటే, ఆరోగ్యవంతులనే చేర్చుకోవాలన్న నేటి యాజమాన్యపు వైఖరికి ప్రాచీన సమర్థన దొరికినట్టు కనిపిస్తుంది. కాని అదే మహావగ్గలో దాని చుట్టూ అల్లుకున్న ఇతర నియమాలను కలిపి చదివినప్పుడు వేరొక అర్థం తేలుతుంది. మొదటి సంగతి: నిషేధాన్ని దాటి రోగికి దీక్ష ఇస్తే దోషం అంటేది ఇచ్చిన భిక్షువుకే. ఆ దోషాన్ని వినయ పరిభాషలో దుక్కటం, అంటే చెడ్డగా చేసిన పని, అంటారు. ఆశతో వచ్చి నిలబడిన రోగి మీద సంప్రదాయం నేరం మోపలేదు. విచారించవలసిన స్థానంలో ఉన్నవాడి మీదనే బాధ్యత పెట్టింది.

రెండవ సంగతి పరీక్ష జరిపే తీరుకు సంబంధించినది. ఈ ప్రశ్నలను మొదట నేరుగా సంఘమధ్యంలో అడిగేవారు. అంతమంది ఎదుట తన రోగాన్ని గురించి, అప్పులను గురించి అడిగేసరికి అభ్యర్థులు సిగ్గుతో కుంచించుకుపోయి నోరు విప్పలేకపోయారు. అది గమనించి, ముందు ఒక భిక్షువు అభ్యర్థిని పక్కకు తీసుకువెళ్లి, ఏమేమి అడుగుతారో వివరించి, ఉన్నది ఉన్నట్టు చెప్పమని, తడబడవద్దని ధైర్యం చెప్పిన తరువాతనే సభలోకి పిలవాలని బుద్ధుడు విధించాడు. నిజం చెప్పమని ఒకరిని కోరేవారు ముందుగా నిజం చెప్పగల స్థితిని కల్పించాలన్న గ్రహింపు ఈ చిన్న మార్పులో ఉంది. వరుసలో నిలబెట్టి, పదిమందీ వింటుండగా జబ్బుల పేర్లు చదివి, చొక్కా విప్పించి కొలతలు తీసే నియామక శిబిరాలకు ఈ పాఠం ఈనాటికీ అవసరమే. ఒక ప్రభుత్వరంగ బీమా సంస్థ మహిళా ఉద్యోగుల చేత ఋతుక్రమం, గర్భధారణ వివరాలను ప్రకటన పత్రంలో రాయించుకోవడాన్ని సుప్రీంకోర్టు 1990ల ఆరంభంలో తప్పుపట్టి, స్త్రీ గౌరవానికి భంగకరమైన ఆ ప్రశ్నలను తొలగించమన్నది కూడా ఈ విచక్షణతోనే.

మూడవ సంగతి అన్నిటికంటె ముఖ్యమైనది. మహావగ్గలోనే, చీవరాలను, అంటే భిక్షువుల వస్త్రాలను, గురించిన ఎనిమిదవ అధ్యాయంలో, విరేచనాలతో బాధపడుతూ తన మలమూత్రాలలోనే పడి ఉన్న ఒక భిక్షువు కథ ఉంది. విహారంలో తిరుగుతూ అతన్ని చూసిన బుద్ధుడు, నీకు సేవ చేసేవారు ఎవరూ లేరా అని అడిగాడు. లేరని అతడు చెప్పి, దానికి కారణం కూడా తానే వివరించాడు: తాను ఇతర భిక్షువులకు ఏ పనీ చేసిపెట్టలేదు గనుక వారు తనను పట్టించుకోవడం లేదట. అప్పుడు బుద్ధుడు తన శిష్యుడైన ఆనందుని చేత నీళ్లు తెప్పించి, ఇద్దరూ కలిసి అతన్ని కడిగి, తలవైపు ఒకరు, కాళ్లవైపు ఒకరు పట్టుకుని ఎత్తి మంచం మీద పడుకోబెట్టారు. తరువాత భిక్షువులను సమావేశపరచి, ఇల్లు విడిచి వచ్చిన మీకు తల్లీ తండ్రీ లేరు కాబట్టి ఒకరినొకరు చూసుకోకపోతే ఇంకెవరు చూస్తారని ప్రశ్నించి, రోగికి చేసే సేవ తనకు చేసే సేవతో సమానమని బుద్ధుడు బోధించాడు. రోగికి ఉపాధ్యాయుడు ఉంటే ఆయన, లేకుంటే ఆచార్యుడు, ఎవరూ లేకుంటే సంఘమే అతన్ని చూసుకోవాలనీ, చూడకపోతే దోషమనీ నియమం ఏర్పడింది.

ఈ రెండు ఉదంతాలూ ఒకే గ్రంథంలో ఉండడం గమనించవలసిన విషయం. ద్వారం వద్ద రోగాన్ని గురించి అడిగిన సంఘమే, ద్వారం దాటినవాడు రోగి అయినప్పుడు జీవితాంతం అతన్ని మోయవలసి ఉంది. పనికిరానివాడన్న కారణంతో ఒకడిని వదిలివేయడం ఎంత సహజమైన మానవ బలహీనతో ఆ రోగి చెప్పిన కారణంలోనే ఉంది. దానిని ఆ గ్రంథం దాచలేదు, సమర్థించనూ లేదు. కనుక ప్రవేశ పరీక్షకు ధర్మబద్ధత లోపలి సంరక్షణ నుంచే వస్తుంది. సంఘం మోయగలిగిన బరువుకు ఒక హద్దు ఉంటుంది కాబట్టి ప్రవేశంలో ప్రశ్న అడగవచ్చు. లోపలికి వచ్చినవాడి బరువు మోయనన్న సంఘానికి ఆ ప్రశ్న అడిగే యోగ్యతే లేదు.

ఇక్కడ ఒక ఆక్షేపానికి తావుంది. భిక్షుసంఘం వేరు, కూలి ఇచ్చి పని చేయించుకునే సంస్థ వేరు. మొదటిది ధర్మబంధం, రెండవది ఒప్పందం. ఒప్పందంలో లేని బాధ్యతను యజమాని మీద ఎలా మోపుతారని అడగవచ్చు. దీనికి సమాధానం కూడా బౌద్ధ వాఙ్మయంలోనే ఉంది. దీఘనికాయంలోని సిగాలోవాద సుత్తం గృహస్థులకు చేసిన ఉపదేశం. అందులో యజమాని తన పనివారి పట్ల నెరవేర్చవలసిన ఐదు విధులను బుద్ధుడు పేర్కొన్నాడు: వారి శక్తికి తగినట్టు పని అప్పగించడం, తిండీ జీతం ఇవ్వడం, జబ్బు పడితే సేవ చేయించడం, ప్రత్యేకమైన రుచులు దొరికినప్పుడు వారితో పంచుకోవడం, తగిన సమయంలో విశ్రాంతి ఇవ్వడం. పనివారు నెరవేర్చవలసిన విధులు ఆ తరువాత వస్తాయి. కౌటిల్యుని అర్థశాస్త్రం సన్యాసుల గ్రంథం కాకపోయినా, వ్యాధి వల్ల లేక ఆపద వల్ల పని చేయలేకపోయిన కూలివాడికి సడలింపు పొందే హక్కును, మరొకరి చేత ఆ పని చేయించే వెసులుబాటును గుర్తించింది. కూలి ఒప్పందం ధర్మానికి వెలుపలిది అన్న భావన ఈ సంప్రదాయానికి తెలియదు.

సిగాలోవాద సుత్తం చెప్పిన మొదటి విధి, శక్తికి తగిన పని అప్పగించడం, ఉద్యోగ ప్రవేశ పరీక్షకు అసలైన పునాది. శక్తి ఎంతో తెలియనిదే తగిన పని ఏదో తెలియదు. కనుక శరీరాన్ని పరిశీలించడం న్యాయమే. అయితే ఆ పరిశీలన తేల్చవలసింది ఈ దేహానికీ ఈ పనికీ పొత్తు కుదురుతుందా లేదా అన్న సంగతినే గాని, ఈ మనిషి మేలైనవాడా నాసివాడా అన్నది కాదు. వర్ణాంధత్వం, అంటే కొన్ని రంగులను వేరుపరచి గుర్తించలేకపోవడం, ఇందుకు మంచి ఉదాహరణ. 1875లో స్వీడన్‌లోని లాగర్‌లుండా వద్ద రెండు రైళ్లు ఢీకొన్నప్పుడు, రంగుల సంకేతాన్ని గుర్తించలేకపోవడమే కారణమై ఉండవచ్చని ఫ్రితియోఫ్ హోల్మ్‌గ్రెన్ అనే శాస్త్రవేత్త అనుమానించి, రంగురంగుల ఉన్ని పోగులతో రైల్వే సిబ్బంది చూపును పరీక్షించే పద్ధతిని ప్రవేశపెట్టాడు. జపాన్ వైద్యుడు షినోబు ఇషిహరా 1917లో ప్రచురించిన పటాలను ఈనాటికీ వాడుతున్నారు. పటం మీద పెద్దా చిన్నా రంగుచుక్కలు వలయంగా పరచుకుని ఉంటాయి. వాటి మధ్య వేరే రంగు చుక్కలతో ఒక అంకె కూర్చి ఉంటుంది. మామూలు చూపు ఉన్నవాడు దానిని చటుక్కున చదివేస్తాడు, ఎరుపు ఆకుపచ్చలను వేరుచేయలేనివాడికి అక్కడ వేరే అంకె కనిపిస్తుంది, లేదా చుక్కలు తప్ప మరేమీ కనిపించవు. అతడు రైలు నడపకూడదు. వందలాది ప్రయాణికుల ప్రాణాలు ఆ ఎర్ర దీపం మీద ఆధారపడి ఉన్నాయి. అదే మనిషి లెక్కలు రాయగలడు, గిడ్డంగి చూసుకోగలడు, టిక్కెట్లు ఇవ్వగలడు.

ఈ వివేకం చట్టంలోకి నెమ్మదిగానైనా ప్రవేశించింది. ఉద్యోగంలో ఉండగా వైకల్యం కలిగినవాడిని తొలగించరాదనీ, హోదా తగ్గించరాదనీ, అదే జీతంతో తగిన వేరొక పనికి మార్చాలనీ 1995 నాటి వికలాంగుల చట్టంలోని 47వ సెక్షను చెప్పింది; 2016 చట్టం 20వ సెక్షనులో ఆ రక్షణను కొనసాగించింది. వర్ణాంధత్వం బయటపడిందన్న కారణంతో ఉద్యోగం కోల్పోయిన తెలంగాణ ఆర్టీసీ డ్రైవరు ఒకరి విషయంలో 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు ఇస్తూ, వేరే తగిన ఉద్యోగం కోసం నిజాయతీగా వెతకకుండా ఇంటికి పంపడం చెల్లదని స్పష్టం చేసింది. ప్రయాణికుల క్షేమానికీ కార్మికుని జీవనోపాధికీ మధ్య ఏదో ఒకదానినే ఎంచుకోవాలన్న వాదన ఎంత పొరపాటో ఇలాంటి తీర్పుల వల్ల తెలుస్తుంది.

పొత్తు చూడవలసిన పరీక్ష ఏరివేతగా మారినప్పుడు అన్యాయం మొదలవుతుంది. హెచ్‌ఐవీ సోకినంత మాత్రాన, పని చేయగలిగి, ఇతరులకు ముప్పు కలిగించని వ్యక్తికి ఉద్యోగం నిరాకరించరాదని 1997లో బొంబాయి హైకోర్టు తీర్పు చెప్పింది. ఉద్యోగానికి షరతుగా హెచ్‌ఐవీ పరీక్ష కోరడాన్ని 2017 నాటి చట్టం నిషేధించింది. దేశం దాటినవారికి ఈ రక్షణలు వర్తించవు. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్‌కు వెళ్లే కూలీలు వీసాకు ముందు ‘గల్ఫ్ మెడికల్’ పాసు కావాలి. ఎప్పుడో నయమైపోయిన క్షయ వ్యాధి ఊపిరితిత్తి మీద విడిచిన మచ్చ ఎక్స్‌రేలో కనిపించినా ఆ కూలీ అన్‌ఫిట్ అవుతాడు. ఆ మచ్చ వల్ల అతడు తాపీ పని చేయలేకపోవడం గాని, మరొకరికి రోగం అంటించడం గాని జరగదు. అప్పు చేసి ఏజెంటుకు డబ్బు కట్టినవాడు అక్కడే కూలిపోతాడు. ఎండలో కాంక్రీటు మోయడానికి వెళ్లే ఆ మనిషి దేహాన్ని అంత నిశితంగా వెతికిన వ్యవస్థ, ఆ ఎండ అతని దేహాన్ని ఏమి చేస్తుందో అంత నిశితంగా వెతకదు.

వినయపిటకపు నియమంలోనూ ఒక లోటు ఉందని ఒప్పుకోవాలి. సంఘద్వారం మూసుకున్న తరువాత మగధలోని ఆ రోగులు ఎక్కడికి వెళ్లారో ఆ గ్రంథం చెప్పదు. వైద్యం దొరకకనే వారు సన్యాసాన్ని ఆశ్రయించారు. వారి కపటానికి మూలం వారి నిస్సహాయతే. ఆ లోటును పూరించవలసినది రాజ్యమన్న ఎరుక తరువాతి కాలంలో అశోకునిలో కనబడుతుంది. మనుషులకూ పశువులకూ చికిత్స ఏర్పాటు చేశామనీ, ఔషధ మొక్కలు లేనిచోట తెప్పించి నాటించామనీ ఆయన తన రెండవ శిలాశాసనంలో ప్రకటించాడు. ఆ శాసనం కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద కూడా చెక్కి ఉంది. ఉద్యోగ పరీక్షలో జబ్బు బయటపడినవాడికి కాగితం చేతిలో పెట్టి పంపేయకుండా, ఆ జబ్బు ఏమిటో వివరించి, వైద్యం దొరికే చోటికి దారి చూపడం ఈ సంప్రదాయానికి తగిన కనీస కర్తవ్యం. నిజం చెబితే అన్నం పోతుందన్న భయం ఉన్నంతకాలం మూర్ఛను దాచేవారు, అద్దాల నంబరు దాచేవారు ఉంటూనే ఉంటారు. వారిని అసత్యవాదులని నిందించడం తేలికే గాని, దానివల్ల ఎవరి క్షేమమూ పెరగదు.

ఇంతవరకు చర్చించినది పని చేసేవాడి శరీరం. పనిచోటు శరీరాన్ని ఏమి చేస్తుందన్నది రెండవ భాగం. ఇటలీ వైద్యుడు బెర్నార్దినో రామజ్జీని 1700లో వృత్తిరోగాల మీద వెలువరించిన గ్రంథంలో, రోగిని చూసే వైద్యుడు తాను మామూలుగా వేసే ప్రశ్నలకు మరొకటి చేర్చి, నీవు చేసే పని ఏమిటని తప్పక అడగాలని కోరాడు. బొగ్గుగనిలో ధూళి పీల్చేవాడికి న్యూమోకోనియోసిస్, అంటే ధూళి పేరుకుని ఊపిరితిత్తులు గట్టిపడే వ్యాధి, వస్తుంది. రాతిపొడిలోని సిలికా వల్ల వచ్చేది సిలికోసిస్. ఇవి ఒకసారి ముదిరితే వెనక్కు మళ్లవు. అందుకే 1955 నాటి గనుల నిబంధనలు చేరే ముందు ఒక పరీక్షను, ఆ తరువాత ఐదేళ్లకొకసారి మరో పరీక్షను విధించాయి. చేరిన రోజున స్పైరోమీటరు గొట్టంలోకి గుండెలనిండా గాలి పీల్చి బలంగా ఊదినప్పుడు నమోదయ్యే అంకెకు తరువాతి ఏళ్లలో ఎంతో విలువ ఉంటుంది. పదేళ్ల తరువాత అతడు ఊదిన గాలి ఆ అంకెకంటె తగ్గితే, తేడాకు జవాబు చెప్పవలసినది అతని దేహం కాదు, ఆ గని గాలి. కొత్తగూడెం, రామగుండం, మందమర్రి ప్రాంతాల్లో ఆరోగ్యం ధారపోసి ‘బాయి పని’, అంటే గనిలో పని, చేసిన తరాల సింగరేణి కార్మికులకు, మెడికల్ బోర్డు ముందు నిలబడి అన్‌ఫిట్ అనిపించుకుని బిడ్డకు కొలువు ఇప్పించుకోవడం ఒక జీవిత ఘట్టం. చేరేటప్పుడు జబ్బు లేదని రుజువు చేసుకున్న దేహం దిగిపోయేటప్పుడు జబ్బు ఉందని రుజువు చేసుకోవలసి రావడంలో ఉన్న వేదనను ఏ ధర్మశాస్త్రమూ తేలికగా తీసుకోలేదు. ఆస్‌బెస్టాస్ కార్మికుల కేసులో 1995లో సుప్రీంకోర్టు, కార్మికుని ఆరోగ్యం రాజ్యాంగంలోని 21వ అధికరణం ప్రసాదించిన జీవించే హక్కులో భాగమని చెబుతూ, ప్రతి కార్మికుని ఆరోగ్య రికార్డును చేరిన నాటి నుంచి 40 ఏళ్లు, లేదా మానిన తరువాత 15 ఏళ్లు, వీటిలో ఏది తరువాత ముగిస్తే అంతవరకు భద్రపరచాలని ఆదేశించింది. జబ్బు నెమ్మదిగా పెరుగుతుంది కనుక బాధ్యత కూడా అంతకాలం నిలవాలన్నది ఆ ఆదేశం సారం.

ఇక్కడే మరొక భావాన్ని ఎదుర్కోవలసి ఉంది. ప్రమాదం జరిగినప్పుడల్లా అది తలరాత అనీ, పూర్వజన్మ కర్మ అనీ సరిపెట్టుకునే అలవాటు సమాజంలో లోతుగా నాటుకుని ఉంది. సంయుత్తనికాయంలో శీవకుడనే పరివ్రాజకుడు, మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వకర్మ ఫలమేనా అని బుద్ధుని అడిగాడు. కాదని ఆయన సమాధానం. పిత్తం, శ్లేష్మం, వాతం, ఈ మూడింటి కలయిక, ఋతువుల మార్పు, శరీరం విషయంలో చూపే అజాగ్రత్త, బయటి నుంచి తగిలే దెబ్బ, కర్మఫలం అని ఎనిమిది కారణాలను ఆయన పేర్కొన్నాడు. మొదటి ఏడింటినీ మరచి అన్నిటినీ ఎనిమిదవదానికే అంటగట్టేవారు తమకు స్వయంగా తెలిసినదాన్నీ లోకం ఎరిగినదాన్నీ దాటిపోతున్నారని అన్నాడు. అజాగ్రత్త, బయటి దెబ్బ అన్న కారణాల్లోనే పనిచోటు ప్రమాదాలన్నీ ఇమిడిపోతాయి. 2020 మే నెలలో విశాఖపట్నంలో స్టైరీన్ ఆవిరి లీకైనప్పుడు, 2024 ఆగస్టులో అచ్యుతాపురంలో, 2025 జూన్‌లో పాశమైలారంలో పేలుళ్లు జరిగినప్పుడు, లోపల గాని సమీపంలో గాని ఉన్నవారిని ఏ ఫిట్‌నెస్ సర్టిఫికెట్టూ కాపాడలేదు. ట్యాంకు ఉష్ణోగ్రతను, ధూళిని, ద్రావక ఆవిరులను, బయటపడే దారులను పరీక్షించకుండా మనుషుల రక్తాన్ని మాత్రం పరీక్షించే సంస్థ, ప్రమాదానికి కారణాన్ని అది లేని చోట వెతుకుతున్నట్టే. మరణించినవారి పేరున కర్మను తలచుకోవడం ఓదార్పు కావచ్చు. విచారణకు బదులుగా తలచుకుంటే అది మృతుల పట్ల అపరాధం.

2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చినట్టు కేంద్రం ప్రకటించిన వృత్తిభద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడ్, నలభై ఏళ్లు దాటిన కార్మికులకు ఏటా ఉచిత వైద్య పరీక్షను యజమాని బాధ్యతగా చేసింది. కాంట్రాక్టరు కింద రోజుకూలికి వచ్చి రిజిస్టరులో పేరైనా లేని మనిషికి అది అందితేనే ఆ నియమానికి సార్థకత. దానికి ముందున్న 1948 ఫ్యాక్టరీల చట్టానికి తరువాత చేర్చిన భాగాలు ఇంకొక మెట్టు ఎక్కి, తాను పనిచేసే చోట ఉన్న ముప్పులను గురించి తెలుసుకునే హక్కు కార్మికునికి ఉందని గుర్తించాయి. అంటే ప్రశ్న ఒక వైపు నుంచే ఉండనక్కరలేదు. నీ ఊపిరితిత్తులు ఎలా ఉన్నాయని కార్మికుని అడిగే యజమాని, నీ గాలి ఎలా ఉందని కార్మికుడు అడిగితే జవాబు చెప్పవలసినవాడే.

ఈ పరస్పరతను వినయపిటకం చాలా ముందే గ్రహించింది. అభ్యర్థిని పరీక్షించడంతో అది ఆగలేదు. దీక్ష ఇచ్చే ఉపాధ్యాయునికి కూడా యోగ్యతలు విధించింది. పదేళ్ల భిక్షుత్వం, సమర్థత ఉండడమే కాక, శిష్యుడు జబ్బు పడితే స్వయంగా సేవ చేయగలిగినవాడో, ఇతరుల చేత చేయించగలిగినవాడో అయి ఉండాలన్నది ఆ యోగ్యతల్లో ఒకటి. సేవ చేయించలేనివాడు శిష్యుని చేర్చుకోవడానికి అనర్హుడు. ఈ కొలమానాన్ని నేటి పనిచోట్లకు వర్తింపజేస్తే, కార్మికుని ఫిట్‌నెస్ కంటె ముందు తేలవలసినది యాజమాన్యపు ఫిట్‌నెస్. తన వద్ద ఉన్న ముప్పులను దాచకుండా చెప్పగలిగిన, వాటిని తగ్గించడానికి డబ్బు ఖర్చు చేయగలిగిన, ఆ పని వల్ల దెబ్బతిన్న దేహాన్ని చివరివరకు చూసుకోగలిగిన సంస్థకే మరొకరి దేహాన్ని పరీక్షించే నైతిక అధికారం ఉంది. అవి చేయలేని సంస్థ ద్వారం వద్ద, అన్‌ఫిట్ అన్న మాట రాయవలసింది బయట వరుసలో నిలబడినవారి పేర్లకు ఎదురుగా కాదు.